కళ్ళు తెరిచి ప్రార్థన

ఆస్పత్రి మేడమీది గది
సోమవారం

ప్రభువునందు ప్రియమైన వదినకు,

వందనాలు. క్షేమంగా చేరాను. విమానంలో పక్కసీటు ఆవిడ దారి పొడుగునా నా భుజమ్మీద తలపెట్టి నిద్రపోయింది. దిగేటప్పుడు మాత్రం నేనెవరో తెలియనట్టు వెళ్ళిపోయింది. నువ్వు జాకెట్టు లోపల కుట్టిచ్చిన దొంగజేబు బాగా పనికొచ్చింది. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టానో నేనే మరిచిపోయి కౌంటరు దగ్గర అందర్నీ కంగారుపెట్టాను.

మన సంఘం పంపిన నలుగురిలో ముగ్గుర్ని ఊరవతల బడికి పంపారు. నర్సు చదువు చదివానని నన్నొక్కదాన్నే ఈ మిషన్ ఆస్పత్రిలో ఉంచారు. మూడు నెలలు చూసి, పనికొస్తాననిపిస్తే ఏడాది ఉంచుకుంటారట. గదిలో రెండు మంచాలున్నాయి, రెండోది ఖాళీ. కిటికీలోంచి ఎదుటి మేడమీది నీళ్ళ ట్యాంకు, దుప్పట్లు ఆరేసిన తాళ్ళు కనిపిస్తాయి. పొద్దున్నే గోడలోని పైపు ఎవరో తలుపు కొట్టినట్టు కొట్టుకుంటుంది. మొదటిరోజు లేచి తలుపు తీశాను కూడా.

పని చాలా బాగుంది. అందరూ చాలా ప్రేమగా ఉన్నారు. వార్డులో పాటలు పాడుతున్నాను, రోగులు చాలా సంతోషిస్తున్నారు. దేవుడు నన్ను తన పనికి చాలా వాడుకుంటున్నాడు.

ఆఫీసు గదిలో ఫోనుంది, ఆదివారాలు మాట్లాడుకోవచ్చు. కానీ ఉత్తరాలే రాయాలని బయల్దేరే ముందే నాచేత మాట తీసుకున్నావు. ఉత్తరమైతే దాచుకోవచ్చన్నావు. నిజమే గానీ, నీ గొంతు వినాలనిపించినప్పుడు ఈ కాగితాన్ని చెవికి ఆనించుకోనా?

విమానాశ్రయం గేటు దగ్గర నిన్నొకటి అడిగాను, గుర్తుందా? నువ్వు నవ్వి తలూపావు. దాన్ని పట్టుకునే లోపలికి నడిచాను. అన్నయ్యను అడిగినట్టు చెప్పు.

నీ ఆడపడుచు

*

మన ముందు గది, కుట్టుమిషను పక్కన
ఆదివారం, గుడి నుంచి వచ్చాక

గడబిడకు,

"ప్రభువునందు ప్రియమైన" అని మొదలుపెట్టావంటే ఏదో దాస్తున్నావన్నమాటే. బాగున్నప్పుడు "వదినోయ్" అంటావు. పైగా ఆ ఒక్క పేరాలో అన్నేసి "చాలా"లా? చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చి, "ఈ రోజు బడి చాలా బాగుంది వదినా, టీచరు చాలా మంచిది" అన్నదానివి నువ్వు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి నీ జడ నువ్వు వేసుకోలేవు. నీ నెత్తిలో పేను కదిలినా నాకు తెలిసేది, తల్లీ. నిజం రాయి.

ఇక్కడి సంగతులు చెప్తాను. మీ అన్నయ్యకు బస్సు రూటు మార్చారు. రోజంతా ఆ ఇంజను మోతలో ఉండి వచ్చి, ఇంట్లో నోట్లో నోట్లో గొణుగుతున్నాడు. నలభై దాటాక మగవాళ్ళకు మాట కూడా బరువవుతుందేమో. ఆ మధ్య ఇంటిముందు బస్సాపి హారను కొట్టీ కొట్టీ విసిగిపోయాడట, వచ్చి నామీద అలిగాడు. నేను కుట్టుపనిలో ఉన్నానని చెప్పాను. మిషనుకు నూనె పోసి శుభ్రం చేశాను. ఎంత మెత్తగా తిరుగుతోందో, చప్పుడే లేదు.

పాస్టరుగారికీ వయసు మీదపడింది. ప్రసంగం సగం గడ్డంలోకే పోతోంది. ఇంకో గొడవ విను. ప్రార్థన జరుగుతుంటే నేను కళ్ళు తెరిచి అటూ ఇటూ చూస్తున్నానని పాస్టరమ్మగారు నలుగురిలో అన్నారు. "మీరు చూశారంటే మీ కళ్ళూ తెరిచే ఉన్నట్టు కదండీ" అన్నాను. అప్పట్నుంచి మాటల్లేవు. గాయకబృందం అమ్మాయిలు మాత్రం మూలకెళ్ళి పొట్ట పట్టుకుని నవ్వారు.

గేటు దగ్గర సంగతి నాకెందుకు గుర్తుండదు? బాగానే గుర్తుంది. ముందు నీ సంగతి రాయి.

వదిన

*

ఆస్పత్రి మేడమీది గది
గురువారం

వదినోయ్,

దొరికిపోయాను. విను మరి.

నా సర్టిఫికెట్టు చూసి మేట్రన్ బల్ల సొరుగులో పెట్టేసింది. ఇక్కడి భాష నేర్చుకునేదాకా సూది ముట్టుకోకూడదట. పొద్దున్నంతా కింద చాకిరేవు గదిలో పని. మనిషంత ఎత్తు పీపాల్లో దుప్పట్లు తిరుగుతుంటాయి, ఆవిరికి కళ్ళద్దాలు మసకబారతాయి. ఎదురుగా ఇంకో పనామె నిలబడుతుంది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని, లాగి, మడిచి, ఒకరి దగ్గరికి ఒకరం నడుస్తాం. కొసలు కలిసినప్పుడు నవ్వుకుంటాం. మా స్నేహమంతా అంతే, ఒకరి మాట ఒకరికి రాదు. మధ్యాహ్నం ముసలివాళ్ళ వార్డులో జావ తాగిస్తాను.

పాటల సంగతి. మొదటిరోజు, నువ్వు నేర్పినట్టే గుండె నిండా గాలి పీల్చి, పల్లవి ఎత్తాను. ఒకావిడ తలగడ చెవులమీద పెట్టుకుంది. ఒక తాతగారు సాయం కోసం గంట కొట్టారు. మేట్రన్ వచ్చి, తనకు వచ్చీరాని, నాకు వచ్చీరాని ఇంగ్లీషులో, "వీళ్ళు పడుకోవడానికి మేం మందులిస్తున్నాం, నువ్వు లేపుతున్నావు" అంది. ఆ తర్వాత నేను నోరెత్తలేదు.

అసలుది ఇంకోటి. కిటికీ పక్క మంచంలో ఒక పెద్దావిడ ఉంది, నేను కిటికీ మామ్మ అంటాను. పాట లేకపోతే పోయింది, ప్రార్థనైనా చేద్దామని రోజూ జావ తాగించాక ఆవిడ మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని, తల వంచుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని ప్రార్థన చేసేదాన్ని. మన సంఘంలో చిన్న ప్రార్థన చేస్తే భక్తి చాలదంటారు కదా, నాకూ పొడుగు ప్రార్థనే అలవాటు. మొన్న ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి నా భుజాల మీద ఆవిడ శాలువా ఉంది. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని వార్డు మొత్తాన్నీ ష్ అంటోంది. గుమ్మంలో మేట్రన్.

మామ్మ నేను నిద్రపోతున్నాననుకుందట వదినా. రోజూ అలాగే అనుకుందట. "ఈ పిల్లతో అంత పని చేయించి, నిద్ర కూడా పోనివ్వరా" అని మేట్రన్ మీద కేకలేసింది, ఆ కేకల అర్థం మేట్రనే ఇంగ్లీషులో చెప్పింది. ప్రార్థన అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పినా మేట్రన్ నమ్మలేదు. దేవుడి మాట చెప్పడానికి సముద్రాలు దాటి వచ్చి, నిద్రపోతు అని పేరు తెచ్చుకున్నాను. ఇంకోసారి ఇలా జరిగితే వెనక్కి పంపిస్తానంది మేట్రన్.

పంపిస్తే బాగుండుననిపిస్తోంది. ఆ రోజు గేటు దగ్గర "భయంగా ఉంది వదినా, వెళ్ళకుండా ఉండిపోనా" అని అడిగాను. నువ్వు నవ్వి, తలూపి, "మంచిదమ్మా, వెళ్ళిరా" అన్నావు. అంత తేలిగ్గా ఎలా అన్నావో అని నాకిప్పటికీ లోపల కలుక్కుమంటుంది. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. వచ్చేయనా? వచ్చే ఆదివారం కాక పై ఆదివారం, ఆరాధన అయ్యాక పాస్టరుగారింటికి ఫోను చేస్తాను. ఒక్కసారి, మాట పక్కనపెట్టి, వచ్చి మాట్లాడవూ?

నీ గడబిడ

*

మన ముందు గది
మంగళవారం

గడబిడా,

ఫోను దగ్గరికి రాలేకపోయాను. ఆరాధన అవగానే ఇంటికొచ్చేయాల్సి వచ్చింది, బట్టలు ఇవ్వాల్సినవాళ్ళు గుమ్మంలోనే కూర్చున్నారు. పైగా ఆ ఫోనులో గరగర తప్ప ఏమీ రాదు. కోపం తెచ్చుకోకు. నువ్వు ఏడ్చావని మీ అన్నయ్య వచ్చి చెప్పాడు. ఆయన కూడా ఏడ్చాడు, కంట్లో నలక పడిందన్నాడు.

ఇల్లలకగానే పండగవుతుందా? వెళ్ళి రెండు నెలలు కాలేదు, అప్పుడే ఆ దేశాన్నంతా మార్చేద్దామనుకున్నావా? దుప్పటి ఉతకడం తక్కువ పని అని ఎవరన్నారు? పుండు పడ్డవాళ్ళకు ముందు కావాల్సింది శుభ్రమైన దుప్పటే, పాట తర్వాత. నీ దుప్పటి కొసలు సరిగ్గా కలుస్తున్నాయా అన్నది చూసుకో. కుట్టేదాన్ని, నాకు కొసల సంగతి తెలుసు.

మామ్మ సంగతి చదివి నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను. ఆవిడకు చెవులు వినపడతాయో లేదో ఎప్పుడైనా కనుక్కున్నావా? వినపడనివాళ్ళకు ఎదుటి మొహమే దిక్కు. పెదవులు, కనుబొమలు, మెడమీద నరం, అవి చూసే మాట పట్టుకుంటారు. నువ్వు తల వంచి, పైగా చేతులు అడ్డం పెట్టుకుంటే ఆవిడకు ఇంకేం మిగిలింది? అలసిపోయిన పిల్ల ఒకటి కనబడింది. తన శాలువా తీసి కప్పింది. నువ్వు ఆవిడకు ఏం కప్పావు?

నాకూ ఓ తమాషా జరిగింది. మొన్న ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన ముగించారనుకుని పల్లవి అందుకున్నాను. ఆయన ఇంకా ముగించలేదు. అప్పుడే చనిపోయిన ఒక పెద్దాయన కుటుంబం కోసం ప్రార్థిస్తున్నారట. నేనేమో సంతోషగీతం, అదీ తాళం వేస్తూ. రెండు చరణాలు అయ్యేదాకా నన్నెవరూ ఆపలేదు, ఎలా ఆపాలో తెలియలేదేమో. ఇన్నేళ్ళుగా నాదైన పాట ఎత్తే పని ఈ నెల గాయకబృందంలో కొత్తమ్మాయికి ఇచ్చారు. మంచిదే, గొంతుకు విశ్రాంతి.

చలికి మేజోళ్ళు వేసుకో.

వదిన

*

ఆస్పత్రి వార్డు, కిటికీ పక్క స్టూలు మీద నుంచి
శనివారం

వదినా,

నువ్వన్నదే నిజం. మామ్మకు ఒక్క ముక్క వినపడదు. ఇన్నాళ్ళు జావ తాగించాను, కనిపెట్టలేదు. నేను ఏం మాట్లాడినా నవ్వి తలూపేది. నా భాష అర్థం కాక అలా చేస్తోందనుకున్నాను.

ఇప్పుడు ఎదురుగా కూర్చుంటున్నాను. మొహం ఎత్తి, కళ్ళు తెరిచే ప్రార్థన చేస్తున్నాను. మొదట్లో తప్పుచేస్తున్నట్టనిపించింది, దేవుడి ఇంట్లో చెప్పులతో నడిచినట్టు. కానీ ఎదుటి మనిషిని చూస్తూ ఆ మనిషి కోసం అడగడం ఇంతకుముందు నేనెప్పుడూ చేయలేదు వదినా. కళ్ళు మూసుకుంటే నా మాటలు నాకే ముద్దుగా వినపడేవి. ఇప్పుడు ఆవిడ చేతిమీది నీలి మచ్చ కనబడుతుంది, మింగేటప్పుడు పడే బాధ కనబడుతుంది. ప్రార్థన దానంతటదే చిన్నదైపోయింది. నా భాష ఆవిడకు రాకపోయినా, నేను ఏం చేస్తున్నానో అర్థమైంది. చేతులు జోడించి చూపించింది. తర్వాత నా నిద్ర సంగతి గుర్తొచ్చి ఒళ్ళంతా ఊగేలా నవ్వింది.

ఆస్పత్రి పాస్టరు వచ్చి వార్డులో ప్రార్థన చేసినప్పుడు మామ్మ కళ్ళు మూసుకోదు. అందరి తలలూ ఎప్పుడు లేస్తాయా అని చూస్తూ ఉంటుంది. అది చూడగానే నువ్వు గుర్తొచ్చావు. ఆ రోజు నుంచి పక్కన కూర్చుని, ఆమేన్ అనగానే ఆవిడ చెయ్యి రెండుసార్లు నొక్కుతున్నాను.

వదినా, ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఇది కాగితం మీద ఉంది కాబట్టి నవ్వి తలూపి తప్పించుకోలేవు. నీకు వినపడటం లేదు కదూ?

అన్నయ్య గొణగడు. బస్సులో చివరి సీటుదాకా వినబడే గొంతు ఆయనది. మన కుట్టుమిషను చప్పుడుకు పక్కింటి పసివాడు లేచేవాడు, నూనె పోస్తే ఆ చప్పుడు పోదు. ప్రార్థనలో కళ్ళు తెరవడం, అయిపోకుండానే పాట అందుకోవడం, ఫోను వద్దనడం. మెడమీద నరం చూసి మాట పట్టుకుంటారని నీకెలా తెలిసింది? గేటు దగ్గర నేనడిగింది నీకు వినపడలేదు. గుర్తుందని రాశావు కానీ, నేనడిగిన దానికి రెండు ఉత్తరాల్లోనూ జవాబు రాయలేదు. అంత తేలిగ్గా పంపేశావని నేను నీమీద కోపం పెట్టుకుని ఇక్కడ దుప్పట్లు మడుస్తున్నాను.

మేట్రన్ నిన్న పిలిచింది. సొరుగులోంచి నా సర్టిఫికెట్టు తీసి బల్లమీద పెట్టింది. నేను ఎదురుగా లేకపోతే మామ్మ మందు మింగడం లేదట. భాష నేర్పిస్తారట, ఏడాది ఉండమంది. వచ్చే నెల మొదట్లో జవాబు చెప్పాలి. నేను వద్దని చెప్పి వచ్చేస్తాను. నాకు జడవేసినదానివి, నీకు చెవిగా ఉండలేనా? నిజం రాయి. ఎవరికీ చెప్పను, అన్నయ్యకు కూడా.

నీ ఆడపిల్ల

*

మన ముందు గది
గురువారం

తల్లీ,

నా గుట్టు రట్టు చేశావు. ఉత్తరం చదివి మిషను ఆపి, తలుపు వేసుకుని ఏడ్చాను. ఎంత గట్టిగా ఏడ్చానో నాకే తెలియదు, పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

ఏడాది దాటింది. ముందు పక్షులు పోయాయి. తర్వాత కుక్కరు ఈల పోయింది. తర్వాత ఆడపిల్లల గొంతులు, నీదీ అందులోనే. మగగొంతులు ఇంకా కాస్త అందుతాయి, దగ్గరగా ఉంటే. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. నరం దెబ్బతింది, తిరిగి రాదు, చెవి మిషను పెడితే ఉన్నదాన్ని కొంత నిలుపుకోవచ్చన్నాడు. పెట్టుకోలేదు. చెవి మిషను చూస్తే పాట ఎత్తే పని తీసేస్తారని. చూడకుండానే తీసేశారనుకో. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని ఎన్నిసార్లు నవ్వుతూ అన్నానో. ఆ శంఖం సంగతి ఇప్పుడు తెలిసొచ్చింది.

నీకు చెప్తే ప్రయాణం మానేస్తావని చెప్పలేదు. నువ్వు పదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ దేవుడి పనికి వెళ్ళాలన్న ఈ పిలుపు నీకుంది. దానికి నేను అడ్డం పడకూడదనుకున్నాను.

గేటు దగ్గర నీ పెదవులు వణుకుతున్నాయి. ఏడుస్తూ "వెళ్ళొస్తా" అంటున్నావనుకున్నాను. అందుకే నవ్వి, వెళ్ళిరా అన్నాను. నీ ఉత్తరంలో ఆ మాట చదివినప్పుడు, ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. అందుకే జవాబు రాయలేదు. చేతులు రాలేదు.

ఇప్పుడు రాస్తాను. నువ్వడిగింది వినపడి ఉంటే, ఉండిపో అనేదాన్ని. ఆ బ్యాగు లాక్కుని, ఆటో పిలిచి, ఇంటికి తెచ్చేసేదాన్ని. నాకు అంత భక్తి లేదే తల్లీ. నిన్ను వదిలి ఉండటం నాకు చేతకాదు. అందుకని దేవుడే నా చెవులు మూశాడని మాత్రం అనను, ఆయన మీద అంత నింద వేయలేను. జరిగింది జరిగింది. నా చెవిటితనం వల్ల నువ్వు వెళ్ళావు, వెళ్ళినచోట ఒక చెవిటి మామ్మకు చెయ్యి అయ్యావు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. రావద్దు. ఇది వినపడి చెప్తున్న జవాబు, కాగితం మీద ఉంది, నువ్వూ తప్పించుకోలేవు. నాకు చెవిగా ఉండటానికి ఇక్కడ మీ అన్నయ్య ఉన్నాడు. ఆయనకు రాత్రి చెప్పేశాను. ఆయన ఏమన్నాడో సగం అందలేదు, మొహం తిప్పేసుకున్నాడు కదా. గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పి, మళ్ళీ చెప్పమన్నాను. "పిచ్చిదానా, బస్సు నడిపేవాడిని, ఆ మాత్రం హారను కొట్టలేనా" అన్నాడు. రేపు చెవి మిషను కోసం తీసుకెళ్తాడట.

నువ్వు ఉండు. ఏడాది ఉండు.

వదిన

*

ఆస్పత్రి మేడమీది గది
ఆదివారం

వదినోయ్,

ఉంటానని మేట్రన్‌కు చెప్పేశాను. చెప్పి, చాకిరేవు గదిలోకి వెళ్ళి, మడిచిన దుప్పట్ల మీద మొహం పెట్టి ఏడ్చాను. నా ఎదుటి కొస పట్టుకునే ఆమె ఆ దుప్పటి తీసి మళ్ళీ ఉతకడానికి వేసింది.

ఉండిపో అనేదాన్ని అని రాశావే, ఆ ముక్క చాలు. ఏడాదేమిటి, రెండేళ్ళు ఉండగలను. నువ్వు నన్ను తేలిగ్గా పంపలేదు, అదే నాకు కావాల్సింది.

ఒక్క పని చేస్తావా? పాస్టరమ్మగారికి నువ్వే చెప్పు. ఆమేన్ అన్నప్పుడు నీ చెయ్యి రెండుసార్లు నొక్కమను. కోపం పక్కన పెట్టు. ఆవిడ కళ్ళు కూడా తెరిచే ఉంటాయని నువ్వే అన్నావుగా, ఆ పని ఆవిడకు కష్టం కాదు.

గడబిడ

*

మన ముందు గది
ఆదివారం, గుడి నుంచి వచ్చాక

గడబిడకు,

చెవి మిషను వచ్చింది. వేరుశనగ గింజంత ఉంది, అరుపు మాత్రం ఏనుగంత. మొదటిరోజు మీ అన్నయ్య పేపరు తిప్పితే ఇంటి పైకప్పు ఊడుతోందనుకున్నాను. మన కుట్టుమిషను ఎంత ఘోరంగా మోగుతుందో ఇప్పుడు తెలిసింది, పక్కింటి పసివాడికి క్షమాపణ చెప్పుకోవాలి. డాక్టరు ముందే చెప్పాడు, జనంలో దీనితో మాట సరిగ్గా అందదని. గుడిలో అంతా కలగాపులగమే.

అందుకని నువ్వు చెప్పిన పని చేశాను. నాలుగు వారాలు వాయిదా వేసి, నిన్న పాస్టరమ్మగారింటికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను, లోపలికి వెళ్తే మళ్ళీ నవ్వి తలూపేస్తానని భయం. ఆవిడ, "నాకు వినపడదని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదమ్మా, నీకు భక్తి తగ్గిందని నీకోసం ఉపవాసాలున్నాను" అన్నారు. మొహం నావైపు పెట్టి, విడివిడిగా అన్నారు. ప్రతి ముక్కా అందింది. ఉపవాసాలు వృథా అయ్యాయని ఆవిడకు కాస్త బాధగానే ఉన్నట్టుంది.

ఈ రోజు ఆరాధనలో నా పక్కన కూర్చున్నారు. పాట ఎత్తింది కొత్తమ్మాయే. నేను ఆ పిల్ల నోరు చూస్తూ రెండో మాట దగ్గర అందుకున్నాను. గొంతు బాగానే పలికిందని మీ అన్నయ్య అన్నాడు, ఆయనకు సంగీతం తెలియదు గనుక నమ్మాను. మొదటి వరసలో లేననే బాధ ఉంది. లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

తర్వాత ప్రార్థన. పాస్టరమ్మగారు నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు. నేను అలవాటుకొద్దీ అందరి తలలూ చూడబోయాను. చూడక్కర్లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది పైనుంచీ మొదటిసారి కళ్ళు మూసుకున్నాను తల్లీ. ఎంత చీకటిగా, ఎంత హాయిగా ఉందో. నీకోసం అడిగాను, మామ్మకోసం అడిగాను, నీ ఎదుటి కొస పట్టుకునే ఆమె కోసం కూడా అడిగాను. పాస్టరుగారు ఎంతసేపు చేశారో తెలియదు. ఆవిడ నా చెయ్యి రెండుసార్లు నొక్కారు. నేను తెరవలేదు. మళ్ళీ నొక్కారు.

ఇంకాసేపు ఉండనివ్వండి, అన్నాను.

వదిన